నేను ఆడ్నే ఉంటా

తమ్ముడు లోకేశ్ పోయిన రోజు సాయంత్రం సుకన్య నంద్యాలలో, మేడ మీది గదిలో కూర్చుని, ఒక నంది విగ్రహం ఫోటో కింద "ఇది ఒక్కటే మిగిలింది, త్వరపడండి" అని రాస్తోంది. ఆళ్లగడ్డలో భాస్కరయ్య షెడ్డు నిండా నందులే. ఒకటి పోతే ఇంకొకటి చెక్కుతాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు. "ఒక్కటే ఏందక్కా? కొండ ఇంకా అట్లే ఉంది గదా" అని వాడు ఎగతాళి చేసేవాడు. ఆ రోజు పొద్దున ఆళ్లగడ్డకు బండి తీసేటప్పుడు కూడా అన్నాడు. ఆమె రాయడం పూర్తి కాకముందే తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. శిరివెళ్ల దాటాక, రోడ్డు పక్కన లైట్లు లేకుండా నిలిపిన ట్రాక్టరు ట్రాలీ. మసక చీకటి. అంతకు మించి చెప్పడానికి ఆ మాట్లాడిన మనిషి దగ్గర కూడా ఏమీ లేదు.

ఏ వేలు తగిలిందో, నంది ఫోటో వాళ్లు బొమ్మలు అమ్మే పేజీలోకి వెళ్లిపోయింది. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంటే చేతిలో ఫోను మోగుతూనే ఉంది. ఉందా? రేటెంత? హైదరాబాదుకు పంపుతారా?

వాళ్ల నాన్నకు నంద్యాల బజారులో పూజాసామగ్రి కొట్టు ఉండేది. అమ్మానాన్నలు ఒకరి వెనక ఒకరు పోయాక ఆ కొట్టు నిలబడలేదు. సుకన్య పెళ్లీ నిలబడలేదు, పుట్టింటికి వచ్చేసింది. లోకేశ్‌కు పెళ్లి కుదరలేదు. ఒక పూట ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, ఆళ్లగడ్డలో చెక్కే రాతి విగ్రహాలను ఫోనులో అమ్ముదామనుకున్నారు. రాత అక్కది, మాట తమ్ముడిది. ఆమె ఫోటోలు తీర్చిదిద్ది, కింద నాలుగు ముక్కలు రాసేది. కొనేవాళ్లతో వాడు మాట్లాడేవాడు. టైపు కొట్టడమంటే వాడికి బద్ధకం. ఎవరేమడిగినా ఫోను నోటి దగ్గర పెట్టుకుని వాయిస్ పెట్టేవాడు.

"నమస్తే అన్నా. అది కృష్ణశిల అన్నా. ఎండకేం గాదు, వానకేం గాదు. నీ మనవడు ముసలోడయినా ఆ బొమ్మ అట్లే ఉంటాది."

మాటకు ముందు గొంతు సవరించుకునేవాడు. చివర నవ్వేవాడు. సగం బేరాలు ఆ నవ్వుకే కుదిరేవి. వ్యాపారానికి ఒకటే నంబరు, అది ఇద్దరి ఫోన్లలోనూ ఉండేది. అందుకని వాడు ఎక్కడ మాట్లాడినా ఆ మాట ఇంట్లో ఉన్న ఆమె ఫోనులోకి కూడా వచ్చి చేరేది.

ఆన్‌లైన్ వ్యాపారం నేర్పే ఒక సారు క్లాసులు సుకన్య శ్రద్ధగా విన్నది. మీరు ఒక్కరే ఉన్నారని కొనేవాళ్లకు ఎన్నడూ తెలియనివ్వకండి, అనేవాడు ఆ సారు. అందుకని ఆమె ఎప్పుడూ "మేము" అనే రాసేది. "మా టీమ్ మీకు తెలియజేస్తుంది" అని రాసేది. టీమంటే వంటింట్లో పోపు పెడుతున్న తాను, మెట్ల మీద చెప్పులు విప్పుతున్న తమ్ముడు. అడిగిన నిమిషానికే జవాబు ఇవ్వాలన్నాడు సారు. ఆమె అన్నం తింటూ ఎడమచేత్తో జవాబులిచ్చేది. లేని గిరాకీ ఉన్నట్టు చూపించాలన్నాడు. ఒక్కటే మిగిలిందని రాసేది. వీటిలో "మేము" మాత్రం అప్పట్లో అబద్ధం కాదు. ఇద్దరున్నారు.

కర్మలు అయిపోయి బంధువులు వెళ్లిపోయాక, ఆమె రోజంతా ఆ గదిలో కూర్చుని తమ్ముడి పాత వాయిస్‌లు వినేది. ఒకటి అయిపోగానే ఇంకొకటి. వాడు ఎవరినో "అన్నా" అని పిలిచేవాడు; ఎవరూ పలికేవారు కాదు. మాట అయిపోయాక గది ముందుకన్నా పెద్దదిగా అనిపించేది.

ఒకరోజు అలా వింటుండగా వేలు జారింది. కృష్ణశిల గురించి వాడెప్పుడో చెప్పిన మాట, ఆ పొద్దున అనంతపురం నుంచి రాయి సంగతి అడిగిన మనిషికి వెళ్లిపోయింది. చెరిపేద్దామనుకునే లోపలే అటునుంచి జవాబు వచ్చింది.

"సరే అన్నా. నీ మాట వింటే ధైర్యంగా ఉంది. పంపించు."

ఆ జవాబును ఆమె చాలాసేపు చూస్తూ కూర్చుంది. లోకేశ్ మాట్లాడాడు. ఒకరు సరే అన్నారు.

అప్పటినుంచి అది అలవాటయింది. రేటు తగ్గించమంటే ఒక మాట ఉంది. దారిలో పగిలిపోతుందేమోనని భయపడితే ఒక మాట ఉంది. ఏ ప్రశ్నకు ఏ మాట పంపాలో ఆమె వేళ్లకే తెలిసిపోయింది. వాడు అందరినీ అన్నా అనే అంటాడు కాబట్టి ఆడవాళ్లకు కూడా అన్నా అనే వెళ్లేది. "నేను అన్నను కాదు బాబూ, అక్కను" అని ఒకావిడ నవ్వుతూ రాసింది. సుకన్య కూడా నవ్వుకుంది. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

సారు నేర్పినవి మాత్రం ఒక్కొక్కటే జారిపోయాయి. "ఒక్కటే మిగిలింది" అన్న మాట నంది ఫోటో తర్వాత ఆమె మళ్లీ రాయలేదు. రాయబోతే చెయ్యి ఆగిపోయేది. అన్నం దగ్గర ఫోను పట్టుకోవడం మానేసింది. టీమ్ అన్న మాట తీసేసింది. ఇలాంటివి ఇంకా కొన్ని మానేయాలని కూడా అనుకుంది. తమ్ముడి గొంతును పంపడం సారు నేర్పింది కాదు. దాన్ని మాత్రం వదలలేదు. దానికోసం ఫోను ఎత్తడం కూడా మానేసింది. ఎత్తితే వినబడేది తన గొంతు కదా. ఎవరు ఫోను చేసినా మోగి మోగి ఆగిపోయేది. తర్వాత వాళ్లకు లోకేశ్ మాట వెళ్లేది: "బండి మీద ఉండా అన్నా, వాయిస్ పెట్టు, వింటా."

ఓబులేసు అలాగే వాయిస్ పెట్టడం మొదలుపెట్టాడు.

ఆయన సంజామల దగ్గర ఒక పల్లెలో రైతు. భార్య వెంకటమ్మ ఎండాకాలంలో పోయింది. చేని గట్టు మీద సమాధి కట్టించాడు. దాని మీద పెట్టడానికి ఆమె కూర్చున్నట్టు మూరెడు ఎత్తు బొమ్మ కావాలన్నాడు. మనవరాలి చేత ఒక ఫోటో పంపించాడు. ఆ తర్వాత తానే ఫోను పట్టుకుని మాట్లాడాడు. చాలా మాట్లాడాడు. ఒక్కో వాయిస్ ఎంతకీ అయ్యేది కాదు. మధ్యలో దగ్గు వినిపించేది, కోళ్లు వినిపించేవి. సుకన్య మొదటిదానిలో ముందు భాగం విన్నది. కూర్చున్న బొమ్మ, మూరెడు ఎత్తు, అది చాలు. ఫోటో భాస్కరయ్యకు పంపింది. తర్వాత వచ్చినవేవీ వినలేదు. ఇంకొక ఇంట్లో పోయిన మనిషి సంగతి వినే ఓపిక అప్పుడు ఆమెకు లేదు. ప్రతిదానికీ ఒకటే మాట పంపింది.

"సరే అన్నా. అంతా నేను చూసుకుంటా. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు."

ఆ మాట వెళ్లిన ప్రతిసారీ ఆయన ఇంకొంచెం మాట్లాడేవాడు.

చలికాలం మొదలయింది. ఒక సాయంత్రం ఆయన దగ్గరనుంచి చిన్న వాయిస్ వచ్చింది. చిన్నది కాబట్టి విన్నది. "నాయనా, బొమ్మ ఒక తూరి చూడాలని ఉంది. రేపు వస్తే కనపడ్తావా?" పొయ్యి మీద పాలున్నాయి. ఆమె వేలు దానికి తగిన మాటను వెతికి పంపేసింది. అది లోకేశ్ ఎప్పుడో, ఇంకెవరికో చెప్పినది.

"దానికేముందన్నా, బేగా రా. ఆళ్లగడ్డ బస్టాండులో దిగు. నేను ఆడ్నే ఉంటా, మణెమ్మ టీ కొట్టు కాడ. నువ్వు నన్ను గుర్తుపట్టకపోయినా నేను నిన్ను పడతా."

భాస్కరయ్య షెడ్డుకు దారి వెంటనే రాసి పంపుదామనుకుంది. పాలు పొంగాయి. పొయ్యి తుడుచుకునే పనిలో ఆ సంగతి మరిచిపోయింది.

మర్నాడు పొద్దునుంచి ఫోను మోగింది. ఆమె అలవాటు ప్రకారం ఎత్తలేదు. తర్వాత వాయిస్ వచ్చింది.

"నాయనా, వచ్చినా. టీ కొట్టు కాడ్నే ఉండా. తెల్లపంచె, భుజాన ఎర్రతువ్వాల. గుర్తుపడ్తానంటివి గదా."

ఆమె స్నానం చేసి వచ్చేసరికి ఇంకొకటి ఉంది.

"నాయనా, యాడుండావు? ఎండ పడ్తాంటే నీడకు జరిగినా. నువ్వొచ్చి నేను లేననుకుంటావేమోనని బల్ల మీద తువ్వాల పెట్టి వచ్చినా. తువ్వాల కాడ నిలబడు, నేనే వస్తా."

మూడోది వింటున్నప్పుడు వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. "ఎవురి కోసరమప్పా పొద్దన్నుంచి కాసుకొని కూర్చున్యావు?" దానికి ఆయన, "లోకేశ్ అనే పిల్లోడమ్మా, బొమ్మలు అమ్ముతాడు సూడు" అన్నాడు. అక్కడితో తెగిపోయింది.

ఆ ఆడమనిషి మణెమ్మ. లోకేశ్ ఆళ్లగడ్డకు వెళ్లినప్పుడల్లా టీ తాగేది ఆమె కొట్టులోనే. వాడి కర్మకు కూడా వచ్చి, గడప దగ్గర నిలబడి ఏడ్చి వెళ్లింది.

సుకన్య చేతికందిన చీర చుట్టుకుని బయలుదేరింది. లోకేశ్ పోయాక ఆమె ఆ రోడ్డు మీదికి వెళ్లలేదు. భాస్కరయ్యే బొమ్మలను పెట్టెల్లో కట్టించి లారీ ఆఫీసులో వేసేవాడు. ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఆమె లోపలి సీటులో కూర్చుంది. శిరివెళ్ల వస్తోందనగా ఒళ్లోని సంచి విప్పి, అందులో ఉన్నవి తీసి మళ్లీ సర్దింది. తల ఎత్తేసరికి ఊరు వెనకబడింది.

ఆళ్లగడ్డ బస్టాండులో దిగి నాలుగడుగులు వేసిందో లేదో, తమ్ముడి గొంతు వినబడింది.

"నేను ఆడ్నే ఉంటా, మణెమ్మ టీ కొట్టు కాడ."

కొట్టు ముందు పదిమంది దాకా మూగి ఉన్నారు. మధ్యలో తెల్లపంచె ముసలాయన ఫోనును అరచేతిలో పెట్టుకుని అందరికీ వినిపిస్తున్నాడు.

"ఇనుండ్రి మీరే! నిన్న సందకాడ మాట్లాడినోడు ఆషాఢంలో ఎట్ల చచ్చిపోతాడు?"

"అయ్యో, దినాలకు పోయొచ్చినా అంటాంటే ఇనవేందప్పా!" మణెమ్మ టీ గ్లాసు పట్టుకునే ఫోను మీదికి వంగింది. "వాడే. వాని గొంతే. నా పేరు చెప్తాండాడు సూడు."

"పట్టపగలు దయ్యాన్ని ఫోన్లో పెట్టుకొచ్చినావు గదప్పా" అన్నాడు ఒక ఆటో అతను.

"మనకే ఈడ సరిగా సిగ్నల్ ఉండదు, దయ్యానికి యాడ దొరికెరా?" అన్నాడు ఇంకొకడు. నలుగురు నవ్వారు.

ఓబులేసు నవ్వలేదు. "దయ్యమైతే నన్ను అన్నా అంటాదా? డెబ్బై ఏండ్లు దాటినోన్ని పట్టుకొని అన్నా అన్నా అంటాంటే నాలో నేనే నవ్వుకుంటాంటి. ఎవురో మంచి పిల్లోడు అనుకుంటి."

సుకన్య జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చింది. చెప్పాల్సిన మాటను బస్సులో ఎన్నో రకాలుగా పేర్చుకుంది. తీరా నోరు తెరిస్తే అవేవీ రాలేదు.

"పెద్దాయనా, ఆ వాయిస్ పంపింది నేను. లోకేశ్ మా తమ్ముడు. మణెమ్మ చెప్పింది నిజమే. అది పాత మాట."

మూగినవాళ్లు ఆమెను చూశారు. నవ్వినవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. కోవెలకుంట్ల బస్సు వచ్చింది, కొందరు అటు పోయారు. మణెమ్మ గ్లాసు కింద పెట్టి ఆమె మీదికి వచ్చింది.

"ఏం పాపా, మతి ఉండే చేస్తాండావా ఈ పని? సచ్చిపోయిన పిల్లోని చేత ఈయప్పను పిలిపిస్తావా? పొద్దన్నుంచి పచ్చి మంచినీళ్లు గూడ తాగకుండ కూర్చున్యాడు. వాడొచ్చినాక ఇద్దరమూ తాగుతాంలే అంటాడు!"

మణెమ్మ ఇంకా తిట్టబోయి, పైటకొంగుతో కళ్లు తుడుచుకుని, ఓబులేసు వైపు తిరిగింది.

"ఇంగొక్క తూరి పెట్టప్పా ఆ వాయిసు."

ఆయన పెట్టాడు. లోకేశ్ గొంతు సవరించుకుని, దానికేముందన్నా అన్నాడు, మణెమ్మ పేరు చెప్పాడు, నవ్వాడు. మణెమ్మ తల పక్కకు వంచి చివరి దాకా విని, స్టవ్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఓబులేసు బల్ల మీద కూర్చున్నాడు. పక్కన తువ్వాలు పరిచి ఉంది, ఒక మనిషి కూర్చునేంత జాగాలో. సుకన్య దాని మీద కూర్చోలేక నిలబడే ఉంది. ఆయన కాసేపు ఫోను వైపు చూశాడు. కోపంగా అడుగుతాడేమో అనుకుంది. ఆయన మామూలుగానే అడిగాడు.

"అయితే నేను చెప్పిందంతా ఎవురు విన్న్యారు?"

ఆమె అర్థం కానట్టు చూసింది.

"ఇన్ని దినాలు చెప్పినా గదమ్మా. ఇంట్లో చెప్తే కొడుకు లేచిపోతాడు. కోడలు టీవీ సౌండు పెంచుతాది. ఈ పిల్లోడు ఒగడు ఇంటాండాడులే అని చెప్పినా. మనసులో పెట్టుకోవద్దు అంటాన్యాడు. అది ఎవురు విన్న్యారు? నువ్వు విన్న్యావా?"

విన్నానంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు. ఈ నాలుగేళ్లలో ఆమె నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటనే నోటి దాకా తెచ్చింది. కొనేవాడికి కావలసిన మాట అదే. దానివల్ల ఎవరికీ నష్టం కూడా లేదనిపించింది.

"లేదు పెద్దాయనా" అంది. "ఎవరూ వినలేదు."

ఓబులేసు తువ్వాలు మెల్లగా మడత పెట్టి భుజాన వేసుకున్నాడు. "అట్లనా" అన్నాడు. కాసేపటికి లేచి, "బొమ్మన్నా ఉండాదా, అదీ లేదా?" అన్నాడు.

"ఉంది. రండి."

భాస్కరయ్య షెడ్డు దాకా ఇద్దరూ ఆటోలో వెళ్లారు. రోడ్డు పక్కన వరసగా దేవుళ్లు, నాయకులు, దుమ్ములో తెల్లబడి నిలబడి ఉన్నారు. రాతికోత మిషను శబ్దం ఆగాక భాస్కరయ్య ముక్కుకు కట్టుకున్న గుడ్డ దించి, సుకన్యను చూశాడు. తమ్ముడు పోయాక ఆమెను చూడటం అదే మొదలు. "రామ్మా" అని మాత్రం అన్నాడు. మూలనున్న బొమ్మ మీద గోనెపట్ట తీశాడు.

బాసింపట్లు వేసుకుని కూర్చున్న ఆడమనిషి. చేతులు ఒళ్లో. ముఖం ఇంకా నునుపు చేయలేదు గాని పోలిక తెలుస్తూనే ఉంది. ఓబులేసు ముందునుంచి చూశాడు. చుట్టూ తిరిగి వెనకనుంచి చూశాడు. మళ్లీ ముందుకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఇదెవురప్పా?"

భాస్కరయ్య బిత్తరపోయి సుకన్యను చూశాడు. "అదేందీ! మీరంపిన ఫోటో పెట్టుకొనే చెక్కినా గదా. ఇదో." ఫోటో తీసి బొమ్మ పక్కన పెట్టాడు.

"ఫోటోలో ఉండేది సరే. పైట యా పక్క ఉండాది సూడు. ముక్కుపుడక యా పక్క ఉండాది సూడు."

బొమ్మకు పైట కుడి భుజం మీద ఉంది. సుకన్య ఆ ఫోటోను ఎన్నిసార్లో చూసింది. చీర కట్టుకునే మనిషి అయివుండి కూడా ఆమె కళ్లకు అది ఆనలేదు.

"మా మనమరాలు, అవ్వా ఇద్దరమూ పడాలని ఫోన్ను తన పక్కకు తిప్పుకొని తీసింది. దాంట్లో అద్దంలో మాదిరి తిరగబడ్తాదంట. మనిషి పోయినాంక మంచి ఫోటో అదొగటే మిగిలె. తిరగబడింది నాయనా, సరిచేసి చెక్కియ్యి అని రెండు తూర్లు చెప్పినా." ఓబులేసు సుకన్య వైపు చూడలేదు. "చూసుకుంటాలే అన్నా అన్న్యాడు."

"ఒగోగ సీమలో పైట అట్ల గూడ ఏసుకుంటారు గదా, వీళ్లూ అట్లేనేమో అనుకుంటి" అన్నాడు భాస్కరయ్య. "నేనన్నా అడగాల్సిండె. ఇప్పుడు మార్చనీకి కాదప్పా. ఈ భుజాన ఉండేది చెక్కి తీసేస్తా. ఆ భుజాన పెట్టనీకి రాయి యాణ్నుంచి తేవాల?"

ఓబులేసు చెయ్యి చాచి బొమ్మ చెంప మీద దుమ్ము తుడిచాడు.

"అద్దంలో చూసుకునేటప్పుడు ఆమెకు ఆమె ఇట్లే కనపడ్తాండెనేమో" అన్నాడు. "నేను చూసిన వెంకటమ్మ మాత్రం ఈమె కాదు."

పక్క షెడ్డులో ఎవరో ఉలితో కొడుతున్న చప్పుడు ఆగకుండా వస్తోంది.

"ఇంగోటి చెక్కిస్తాను పెద్దాయనా" అంది సుకన్య. "నా తప్పు. ఈసారి నేనే దగ్గరుంటాను."

"సరే. అయితే కూర్చో" అన్నాడాయన. "భాస్కరయ్యా, నువ్వు గూడ కూర్చో. మళ్ల చెప్తా. ఇప్పుడన్నా ఇనుండ్రి."

రాతిపొడి మీదే ముగ్గురూ కూర్చున్నారు. వెంకటమ్మ ఎన్నడూ బాసింపట్లు వేసుకుని కూర్చోలేదట. ఒక మోకాలు పైకి లేపి, దాని మీద గడ్డం ఆనించి కూర్చునేదట. శెనక్కాయలు ఒలిచేటప్పుడు అట్లే, మాట్లాడేటప్పుడు అట్లే, అలిగినప్పుడూ అట్లే. "అలిగిందా, ఊరికే కూర్చుందా అని నాకు తెలిసేది గాదు. అడిగితే, ఇన్నేండ్లయినా తెలీదా అని మళ్ల అలుగుతాండె" అన్నాడు. భాస్కరయ్య నవ్వాడు. ఓబులేసు కూడా నవ్వాడు. ఎడమచెవి కొంచెం సాగి ఉండేదన్నాడు. కమ్మల బరువుకు కాదు, చిన్నప్పుడు దూడ లాగిందట. కోపం వస్తే మాట్లాడకుండా ఎద్దులకు నీళ్లు పెట్టేదన్నాడు. చివరి దినాల్లో మంచం మీద కూడా మోకాలు లేపి పడుకునేదన్నాడు. అక్కడ ఆగి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఇదే వాయిస్‌లో చెప్పింది" అన్నాడు.

సుకన్య అంతా విన్నది. మధ్యలో సంచిలో ఫోను మోగింది, తీయలేదు.

బస్టాండుకు తిరిగి వచ్చాక, బస్సు ఎక్కబోతూ ఓబులేసు ఆగాడు.

"మీ తమ్ముడు ఉండింటే వినుంటాడా?"

"వినేవాడు పెద్దాయనా. వాడు అందరివీ వినేవాడు. అన్నం చల్లారిపోయేది."

"గొంతు వింటే తెలుస్తాందిలే." ఒక కాలు మెట్టు మీద పెట్టి, కమ్మీ పట్టుకున్నాడు. "ఇంగ వాన్ని పనికి పంపొద్దు పాపా. వాడు చేసింది చాలు."

తిరుగు ప్రయాణంలో సుకన్య కిటికీ పక్కన కూర్చుంది. చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఓబులేసు వాయిస్‌లు మొదటినుంచి విన్నది. షెడ్డులో చెప్పినవీ ఉన్నాయి, చెప్పనివీ ఉన్నాయి. ఒకదానిలో ఆయన, "నువ్వు బండి మీద తిరుగుతాంటావు, చీకటి పడకముందే ఇంటికి చేరు నాయనా. మీ ఇంట్లో ఎదురుచూస్తాంటారు" అన్నాడు. దానికి ఆమె పంపిన జవాబు కింద అలాగే ఉంది. సరే అన్నా. అంతా నేను చూసుకుంటా. అప్పుడు ఏ ఊరు దాటుతున్నారో ఆమె చూసుకోలేదు. దిగమని కండక్టరు అరిస్తే నంద్యాల వచ్చిందని తెలిసింది.

ఆ తర్వాత లోకేశ్ మాట ఎవరికీ వెళ్లలేదు. ఆమె ఆ వాయిస్‌లను చెరిపేయలేదు. తమ్ముడి ఫోనులో భద్రపరిచి, తన ఫోనులోంచి తీసేసి, వాడి ఫోను ఆపేసి బీరువాలో వాడి చొక్కాల మధ్య పెట్టింది. మొదటి వారం, ఎవరేమడిగినా వేలు అలవాటు కొద్దీ పైకి వెళ్లి, అక్కడ ఏమీ లేక కిందికి దిగేది. పేజీలో ఒక చిన్న ప్రకటన రాయడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. లోకేశ్ లేడు. ఇక మీతో మాట్లాడేది నేను, సుకన్య. అంతే రాసింది. "మేము" అన్నచోటల్లా "నేను" అని మార్చుకుంటూ పోయింది. ఎన్నిచోట్ల ఉందో అప్పటిదాకా ఆమెకు తెలియదు.

ఆ ప్రకటన చూసి కొందరు సానుభూతి రాశారు. కొందరు అడగడం మానేశారు. ఇప్పుడు ఎవరైనా ఫోను చేస్తే ఎత్తుతోంది. అవతల "అన్నా" అని మొదలుపెట్టినవాళ్లు ఆమె గొంతు విని ఒక క్షణం ఆగుతారు. ఆ క్షణం ఆమె కూడా ఆగుతుంది. తర్వాత రాయి గురించి చెబుతుంది. నవ్వడం రాదు. ఫోను పెట్టేశాక ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండదు. మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉంటున్నాయి. వారానికొకసారి ఆళ్లగడ్డ వెళ్లి షెడ్డులో కూర్చుని వస్తోంది. కొత్త రాయిలో మోకాలు మాత్రం పైకి తేలింది.

ఆషాఢం తర్వాత లోకేశ్ గొంతు విని, వాడు ఉన్నాడనుకుని మాట్లాడినవాళ్లు ఊళ్లూళ్లా ఉన్నారు. పేజీలో రాసింది అందరూ చూసి ఉండరు. సుకన్య ఒక్కొక్కరికీ ఫోను చేసి తానే చెప్పాలనుకుంది. కొందరికి చెప్పింది. ఎక్కువమందికి ఇంకా చెప్పలేదు.